అవతలి అంచున లోతు

వికారాబాద్‌లో కంప్యూటర్ అన్న మాటను అందరికన్నా ముందు పలికింది రాజేందర్ పటేలే. పలికి ఊరుకుంటే బాగుండేది. బొంబాయి పోయి, అక్కడెవరో మూసేసుకున్న కార్ఖానాలోంచి కట్టె చెక్కే మిషన్ ఒకటి కొని, లారీ మీద వేయించుకొని మరీ వచ్చాడు. డబుల్ కాట్ మంచమంత ఇనుప చట్రం, దాని మీద అటూ ఇటూ నడిచే ఇనుప దూలం, దూలానికి వేలాడుతూ గిర్రున తిరిగే కత్తి, పక్కన బీరువా అంత కంప్యూటర్ పెట్టె. చిల్లులు పొడిచిన కాగితం చుట్టను ఆ పెట్టెకు ఎక్కిస్తే చాలు, కత్తి తనంతట తానే దిగి తీగలూ పూలూ చెక్కుకుంటూ పోతుంది. ఇది ఎనభై ఏడులో మాట. స్టేషన్ పక్కన ఉన్న పటేలు టింబర్ డిపోకు ఆ వారమంతా జనం తీర్థానికి వచ్చినట్టు వచ్చారు.

మిషన్ నడిపే పని జమాల్‌కు అప్పగించారు. నలభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి ఉలి పట్టిన చెయ్యి. బొంబాయి నుంచి వచ్చిన మెకానిక్ పక్కన కూర్చొని నెల తిరక్కుండా దాని మర్మమంతా పట్టేశాడు. మిషన్‌తో పాటు వచ్చిన చెక్క బల్ల ఒక్కటే చెదలు పట్టి పొట్టులా రాలిపోయింది. దాని మీదే కదా చెక్కాల్సిన పలకను బిగించాలి!

పటేలు చలించలేదు. "మన తాండూరు బండ ఉండంగ బొంబాయి చెక్కతోని మనకేం పని?" అన్నాడు.

ఈ వైపు వాళ్లకు ఆ జబ్బు ఉంది. గచ్చుకు తాండూరు బండ, అరుగుకు తాండూరు బండ, అలమర అరలకు అదే, చివరికి కుడితి గోలెం మీద మూతకు కూడా అదే. పటేలు స్వయంగా తాండూరు పోయి పాలిష్ కార్ఖానాలో మందపాటి బండ ఒకటి పట్టించుకొని వచ్చాడు. అద్దంలా మెరుస్తోంది. చట్రం మీద దాన్ని పరిచి, నడిమధ్యన రసమట్టం పెట్టి చూస్తే బుడగ ఇటు జరగలేదు, అటు జరగలేదు. ఇంకేం కావాలి? కొబ్బరికాయ కొట్టారు.

గొడవ ఆ మరునాటి నుంచి మొదలైంది.

హైదరాబాద్‌లో ఎవరో కడుతున్న కల్యాణమంటపానికి పూలతీగ తలుపులు కావాలి. జమాల్ టేకు పలక బిగించాడు. కత్తి ఎక్కడి నుంచి లోతు లెక్కపెట్టుకోవాలో మిషన్‌కు చెప్పాలి గనక, తన వైపు మూలన పలక మీద బీడీకట్ట కాగితం ముక్క పెట్టి, దాని మీద కత్తిని మెల్లగా దించాడు. కాగితం లాగితే కాస్త బిగువుగా వచ్చేదాకా దించి, అక్కడ సున్నా పెట్టాడు. మిషన్ నడిచింది. ఇవతలి అంచున తీగ ముద్దొచ్చేలా తెగింది. కత్తి అవతలి అంచుకు పోయిన కొద్దీ లోపలికి దిగబడసాగింది. అటు చివరి పూలకు వచ్చేసరికి రేకుల కింద కట్టె మిగల్లేదు, పుటుక్కు పుటుక్కుమని ఊడిపోయాయి.

"గీ లోతేంది జమాల్ భాయ్?" అని పటేలు తల పట్టుకున్నాడు. "గిట్ల తినుకుంట పోతే పెండ్లి మంటపానికి తలుపులు పెడ్తమా, జల్లెడలు పెడ్తమా?"

జమాల్ ఊడిన రేకులు ఏరి జేబులో వేసుకున్నాడు. లోతు అన్న మాట వింటే చాలు, అతనికి అన్న గుర్తొస్తాడు. అది కొత్తేమీ కాదు, పదిహేను పదహారేళ్ల నుంచి ఉన్నదే.

జమాల్‌కు ఒక అన్న ఉన్నాడు, గులాం నబీ. తండ్రి పోయాక జమాల్‌ను చంకనేసుకొని పెంచింది, చేతికి ఉలి ఇచ్చి పని నేర్పింది అతనే. అన్నదమ్ములిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. రెండు రెక్కల తలుపు వస్తే చెరొక రెక్క పట్టేవారు. ఎదురెదురుగా కూర్చొని ఒకే పువ్వును ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ముగించేవారు. గులాం నబీది ఎడమచేతి వాటం. ఉలి అటు నుంచి నడిచేది, కాస్త లోతుకు నడిచేది. జమాల్ చెయ్యి పైపైన పోయేది. ఆ తేడా ఇద్దరికీ తెలుసు. చివరి రోజున గులాం నబీ తమ్ముడి రెక్కను కూడా అక్కడక్కడా తాకి రెండింటినీ కలిపేసేవాడు. ఆ సంగతి మూడో మనిషికి తెలిసేది కాదు.

డెబ్బై ఒకటిలో ధారూర్‌లో ఒక పెద్దింటికి తలుపులు చేశారు. గృహప్రవేశం ముందుకు జరిగి, కలపడానికి తీరిక దొరకలేదు. నలుగురూ చూస్తుండగా ఇంటాయన రెండు రెక్కలూ దగ్గరికి మూసి, రెండూ ఒక్కలాగా లేవేంటని అడిగాడు. పాతికేళ్ల కుర్రతనం, పనితనం చూపించుకోవాలన్న ఉబలాటం! జమాల్ జేబులోంచి స్కేలు తీసి రెండు వైపులా కొలిచి మరీ చూపించాడు. "మా భాయ్ దిక్కు లోతెక్కువైంది" అన్నాడు. ఇంటాయన నవ్వాడు, ఆయన వెంట అందరూ నవ్వారు. గులాం నబీ లేచాడు. తన ఉలుల సంచి తమ్ముడి ముందు పెట్టి, భార్య రహీమాబీని తీసుకొని తాండూరు పోయాడు. అక్కడ బండలకు పాలిష్ పట్టే పనిలో చేరాడు. కట్టె ముట్టలేదు.

తల్లి చనిపోయినప్పుడు వచ్చాడు. జనాజా మోసేటప్పుడు ముందు కొమ్ము తమ్ముడి భుజం మీద ఉంటే, వెనక కొమ్ము అన్న భుజం మీద ఉంది. మట్టి వేసి, చేతులు దులుపుకొని, తమ్ముడి వైపు చూడకుండా బస్సెక్కి పోయాడు. వికారాబాద్‌కు తాండూరు ఏమంత దూరం? ప్యాసింజర్ ఎక్కితే కబుర్లు పూర్తయ్యేలోపు వచ్చేస్తుంది. అన్నిసార్లు స్టేషన్ ముందు చాయ్ తాగిన జమాల్ ఒక్కసారి కూడా ఆ బండి ఎక్కలేదు. తాండూరు నుంచి వచ్చే బండి ఆగితే మాత్రం గ్లాసు చేతిలో పట్టుకొని, దిగే వాళ్లందరి మొహాలూ చూసేవాడు. వచ్చిన ప్రతిసారీ చూసేవాడు.

సరే, మిషన్ సంగతికి వద్దాం. మొదట జమాల్ కత్తిని అనుమానించాడు. దాన్ని పట్టి ఉంచే పట్టు సరిగ్గా బిగియకపోతే తిరిగే కత్తి కొద్దికొద్దిగా కిందికి జారుతుంది. ఇవతల మొదలుపెట్టి అవతలికి పోయేసరికి లోతు పెరుగుతుంది మరి. పట్టు విప్పి, రంపపు పొట్టు దులిపి, బలమంతా పెట్టి బిగించాడు. అంతటితో ఆగకుండా, ఈసారి అవతలి అంచు నుంచి చెక్కడం మొదలుపెట్టాడు. కత్తి జారేదే అయితే ఇప్పుడు ఇవతల లోతు కావాలి. కాలేదు. మళ్లీ అవతలే దిగింది.

"కట్టె వంకరుండొచ్చు పటేలా," అని పలకను తిప్పి బిగించాడు. మళ్లీ అవతలే. కాగితం చుట్ట చెడిందేమోనని వేరే చుట్ట వేశాడు. గీతలు మారాయి, పూలు మారాయి, లోతు మాత్రం మొండిగా అక్కడే కూర్చుంది.

కత్తిది కాదు, కట్టెది కాదు, కాగితానిది కాదు. ఇక మిగిలింది బండ.

ఆ మధ్యాహ్నం పటేలు భోజనానికి పోయాక జమాల్ బండను ఖాళీ చేశాడు. పొడవాటి ఇనుప స్కేలును అంచు మీద నిలబెట్టి, దాని కింద వెలుతురు ఎక్కడ కనిపిస్తుందోనని వంగి చూశాడు. నడుమ వెలుతురు లేదు, అవతల లేదు. ఇవతల, సరిగ్గా తను రోజూ నిలబడే చోట, స్కేలు కింద సన్నని వెలుగు గీత కనిపించింది. పోస్టుకార్డు దూర్చి చూస్తే పోయింది. రెండోది పోయింది. నాలుగోది పట్టుగా ఆగింది.

బండ తన వైపు అరిగి ఉంది. పలకను బిగిస్తే అది ఇటు వాలుతుంది. తను సున్నా పెట్టేదేమో ఆ వాలిన మూలనే. ఇంక కత్తి అవతలికి పోయి లోతుకు దిగక ఏం చేస్తుంది? నడుమ పెట్టిన రసమట్టం నిజమే చెప్పింది, దాన్ని అంచున పెట్టి అడిగినవాడు లేడు. అందరూ మెరుపు చూసి మట్టం అనుకున్నారు.

పరిష్కారం దొరికిందని సంతోషంగా తడిగుడ్డతో బండ తుడిచాడు. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడి, వెంట్రుకల కన్నా సన్నని పాలిష్ చారలు కనిపించాయి. జమాల్ చెయ్యి ఆగిపోయింది. కుడిచేత్తో ఎవరు రుద్దినా చారలు కుడి వాలుకు పోతాయి. ఇవి ఎడమ వాలుకు పోతున్నాయి. చిన్నప్పుడు తలుపు చెక్కల మీద, తను కూర్చునే పీట మీద, తల్లి చపాతీల పీట మీద అన్న చెయ్యి వదిలిన ఇవే చారలు చూశాడు. కాదేమోనని మళ్లీ తుడిచాడు, మళ్లీ చూశాడు. ఆ బండ మీద మోచేతులు ఆనించి, మొహం కప్పుకున్నాడు. పటేలు వచ్చి పలకరిస్తే కంట్లో పొట్టు పడిందన్నాడు.

"దొరికిందా రోగం?" అని అడిగాడు పటేలు.

"బండ జరంత దిగింది పటేలా."

పటేలుకు తిక్క రేగింది. "గింత మంచి బండ చెడగొట్టిండా! గా కార్ఖానాకే తిప్పి పంపుత. రుద్దినోన్ని నిలబెట్టి అడుగుమంట."

జమాల్ తడిగుడ్డతో ఆ చారలను కప్పేశాడు. మళ్లీ నలుగురిలో నిలబెట్టడమా? అదే మనిషినా?

"వద్దు పటేలా," అన్నాడు గాభరాగా. "బండది ఏం తప్పు లేదు. నాకు రెండు దినాలు ఇయ్యి, నేను చూస్కుంట."

మామిడి పలక ఒకటి తెచ్చి బండంతా కప్పేలా పరిచి, మూలలకు బోల్టులు వేశాడు. వెడల్పాటి కత్తి ఎక్కించి, ఆ పలక మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మిషన్‌తోనే సన్నగా చెక్కించాడు. కింద బండ ఎలా ఉంటే ఏం, పైన పలక ఇప్పుడు కత్తి నడకకు సరిసమానంగా ఉంది. దాని మీద టేకు బిగించి నడిపితే పూలతీగ ఇవతలా అవతలా ఒకే లోతున దిగింది. ఒక్క రేకు ఊడలేదు. పటేలు చంకలు గుద్దుకున్నాడు.

ఆ పలకకు బోల్టులు బిగించేటప్పుడు మాత్రం జమాల్‌కు చెయ్యి రాలేదు. పదహారేళ్ల తర్వాత అన్న చెయ్యి తన ముందుకు వచ్చింది, దాని మీద తనే మూత పెడుతున్నాడు.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడు గానీ పళ్లెం ముట్టలేదు. భార్య జహీరాబీ ఏమైందని అడిగితే మొత్తం చెప్పాడు.

"బండ చెడ్డదని పటేలు తిప్పి పంపితె, దాని ఎంబడి నేను తాండూరు పోయేటోన్ని," అన్నాడు. "మిషన్ బాగైంది. ఇప్పుడేం సాకు చెప్పి పోవాలె?"

జహీరాబీ విసుగ్గా చూసింది. "సాకు లేకుంటె అన్న దగ్గరికి పోరాదని ఎవలన్న చెప్పిన్రా నీకు? మంచిగనే ఉన్నవా?"

"పొమ్మంటె?"

"పొమ్మంటె వస్తవ్. బండి ఉంటది గద వాపస్ రానీకి."

మర్నాడు పొద్దున జమాల్ తాండూరు బండి ఎక్కాడు. ధారూర్ స్టేషన్ వచ్చినప్పుడు కిటికీలోంచి బయటికి చూడలేదు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

పాలిష్ కార్ఖానా రోడ్డు మీదికే వినిపిస్తోంది. లోపల నేలంతా బూడిదరంగు నీళ్లు. రేకుల షెడ్డు చివర ఒక మనిషి గొంతుక్కూర్చొని, ఎడమచేత్తో సానరాయి పట్టుకొని బండ రుద్దుతున్నాడు. గడ్డం తెల్లబడింది. అందులో బండపొడి ఎంతో, వయసు ఎంతో తెలియడం లేదు. జమాల్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. గులాం నబీ తలెత్తి చూశాడు. చేతిలో రాయి ఆగింది.

"ఎవలికేమైంది?" అన్నాడు.

చావు వస్తే తప్ప తమ్ముడు రాడని నమ్మకం కుదిరిపోయిన మనిషి ఆ మాట తప్ప ఇంకేం అడుగుతాడు? జమాల్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"ఎవలికేం కాలే భాయ్. అందరు మంచిగున్నరు."

"మరి?"

"గట్లనే వచ్చిన."

గులాం నబీ రాయి పక్కన పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాడు, తువాలతో తుడుచుకున్నాడు, పక్కనున్న బండ మీద తడి కూడా తుడిచి కూర్చోమన్నట్టు చూపించాడు. జమాల్ కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. ఇద్దరూ తాగారు.

"బండ పనికొచ్చిందా?" అని అడిగాడు గులాం నబీ.

జమాల్ ఉలిక్కిపడ్డాడు. "నాకని తెల్సా నీకు?"

"తెల్వకేమైంది? మీ పటేలు గిదే జాగల నిలబడి, మా జమాల్ భాయ్ నడిపే మిషన్‌కు అని ఊరంత వినవడేటట్టు చెప్పిండు. గింక ఎవల చెయ్యి పెట్టనియ్యలే నేను. నువ్వు ఏ దిక్కు నిలబడ్తవని అడిగిన. పటేలు సుద్దతోని గీకి చూపెట్టిండు." గులాం నబీ ఖాళీ గ్లాసు కేసి చూస్తూ చెప్పాడు. "గా దిక్కు జర ఎక్కువ రుద్దిన. కార్ఖానా సేటు షేక్‌సాబ్ చాలన్నడు, మా వాళ్లు చాలన్నరు. నాకు చాలలే. పొద్దుగాల పనికి రాంగనే మెరవాలె నీకు. నీ మొఖం నీకు కనబడాలె."

జమాల్ ఎక్కడెక్కడో వెతికాడు. కత్తిని విప్పి చూశాడు, కట్టెను తిప్పి చూశాడు, కాగితాన్ని మార్చి చూశాడు. స్కేలు కింద పోస్టుకార్డులు దూర్చి కొలిచాడు. కొలత దొరికింది గానీ అది ఎందుకైందో అతనికి తట్టనే లేదు. ఈ మనిషి రోజుల తరబడి ఇక్కడ కూర్చొని, తమ్ముడు నిలబడే వైపు రుద్దుతూనే ఉన్నాడు.

"మెరుస్తున్నదా?"

"మస్తు మెరుస్తున్నది భాయ్."

"సమంగ ఉన్నదా?"

ఒకసారి ఈ ప్రశ్నకు నిజం చెప్పి అన్నను పోగొట్టుకున్నాడు. "సమంగనే ఉంది," అన్నాడు జమాల్.

గులాం నబీ పెదవి విరిచాడు. "నీకు అబద్ధం చేతగాదు, ఊకో. గా దిక్కు నేను రుద్దిన రుద్దుడుకు సమంగ ఎట్లుంటది? ఎంత దిగింది?"

"నాలుగు పోస్టుకార్డులంత." జమాల్ నేల చూపులు చూస్తూ అన్నాడు. "కత్తి అవతలి దిక్కు లోతుకు పోతుండె. పైన మామిడి పలక ఏసి సదురు చేసిన."

"అంటే, నా మెరుపు పలక కిందికి పోయింది."

"పోయింది భాయ్."

గులాం నబీ ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. అంతా అయిపోయిందనుకున్నాడు జమాల్. తిరుగు బండి ఎప్పుడుందో మనసులోనే వెతుక్కుంటున్నాడు. అంతలో గులాం నబీ లేచి, గోడకు ఆనించి ఉన్న మందపాటి బండ ఒకదాన్ని పట్టుకొని, "ఆ కొన పట్టు," అన్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని మోసి నేల మీద పరిచారు. గులాం నబీ దాని మీద నీళ్లు చల్లి, సానరాయి తీసుకొని కూర్చున్నాడు.

"ఇంకోటి పట్టిస్త. గా పలక పీకెయ్," అన్నాడు. "నువ్వు గిక్కడ ఎదురుంగ కూసో. ఎక్కువైతున్నదనిపిస్తే చెప్పు."

"నేనా?"

"నువ్వే. అందరు వినంగనే చెప్పు. నువ్వు చెప్పకుంటె నాకు ఎట్ల తెలుస్తది?"

జమాల్ ఆ బూడిదనీళ్లలోనే, బట్టలు తడుస్తున్నా చూసుకోకుండా, అన్నకు ఎదురుగా కూర్చున్నాడు. రాయి అటూ ఇటూ నడుస్తోంది. మెల్లగా బండలో వెలుగు పుట్టింది. పైకప్పు రేకులు అందులో కనిపించాయి, వాటి కింద రెండు తలలు కనిపించాయి. గులాం నబీ చెయ్యి ఆపి, తలెత్తి తమ్ముడి వైపు చూశాడు.

"చాలా?"

చాలింది. స్కేలు పెట్టి చూడక్కర్లేకుండానే జమాల్‌కు ఆ సంగతి తెలుసు. ఇంకా రుద్దితే దిగుతుందని, చాలంటే లేవాలని కూడా తెలుసు.

"ఇంక జరంత, భాయ్," అన్నాడు.